పాత పిస్తోలు పిడి శుభ్రం చేసే ముందు, చేసేటప్పుడు

నా దగ్గరున్న స్మిత్ అండ్ వెసన్ .38 డబుల్ యాక్షన్ రివాల్వర్‌కి రెండు పిడిపలకలూ ఒక రంగులో ఉండవు. కుడిది నలుపు. ఎడమది తడిసిన టీపొడి రంగు, అంచుల్లో కాస్త పాచి ఆకుపచ్చ. కొన్నప్పుడు రెండూ నల్లగానే ఉన్నాయి. ఎడమదాన్ని పాడుచేసింది నేనే. 2009లో ఒక ఆదివారం మధ్యాహ్నం, వంటింటి సింకులో, గోరువెచ్చటి సబ్బునీళ్లతో. కుడిది కడగబోతూ, గుడ్డ మీద ఆరుతున్న ఎడమదాని వైపు చూశాను కాబట్టి అదైనా మిగిలింది.

నాది రాజమండ్రి. మా నాన్నగారు కోర్టు గుమాస్తా. ఆయన జేబులో ఎప్పుడూ రత్నం పెన్ను ఉండేది, ఎబొనైట్‌ది, అంటే గట్టి రబ్బరుది. దాన్ని వేడినీళ్లతో కడగనిచ్చేవారు కాదు. కిటికీ గట్టు మీద ఎండలో వదిలేస్తే కేకలేసేవారు. "నలుపు చస్తుందిరా" అనేవారు. అన్నిసార్లు విన్న మాట, ఏళ్ల తరవాత ఓక్లహోమాలో, తుల్సాలో, అదే ఎబొనైట్ చేతిలో పెట్టుకుని కూడా నాకు గుర్తు రాలేదు. పిస్తోలు పిడి అనగానే అదేదో వేరే లోకపు వస్తువనుకున్నాను.

ఆ రోజు నుంచి నా పద్ధతి మారింది. పలక దేనితో చేసిందో తేలేదాకా చెమ్మ తగలనివ్వను. తేలాక కూడా, చేతుల నుంచీ పెట్టెల నుంచీ వచ్చి చేరిన మురికి వరకే తీస్తాను. కాలం తెచ్చిన రంగు, చేతిపట్టు కోసం పిడి మీద వేసి, వాడకంలో అరిగిన గళ్లు, సన్నటి నెరియలు, వీటిని ముట్టుకోను. పాత తుపాకీ కొనేవాడు డబ్బిచ్చేది వాటికే.

కొనేవాళ్లు పిడిని ఎలా చూస్తారో మొదటిసారి గమనించినప్పుడు ఆశ్చర్యపోయాను. తుల్సాలో ఏటా ఏప్రిల్‌లో, నవంబరులో పెద్ద ఆయుధ ప్రదర్శన జరుగుతుంది. అక్కడ అనుభవమున్నవాళ్లు గొట్టం కంటే ముందు పిడి చూస్తారు. బొటనవేలితో చెక్కా ఇనుమూ కలిసే అతుకు తడుముతారు. చెక్క ఇనుముతో సమంగానో, వెంట్రుకవాసి ఎత్తుగానో ఉంటే సరే. చెక్క దిగి ఇనుము అంచు గోటికి తగిలితే, ఎవరో గరుకు కాగితం పెట్టారని అర్థం. తరవాత పలక విప్పి లోపలి వైపు చూపించమంటారు. స్మిత్ అండ్ వెసన్ పాత రివాల్వర్లలో కుడి పలక లోపల తుపాకీ నంబరు పెన్సిలుతోనో, గీతలతోనో, ముద్రగానో ఉంటుంది. జర్మన్ లూగర్ పిస్తోలు పలకల లోపల నంబరులోని చివరి రెండు అంకెలు కొట్టి ఉంటాయి. పాత కోల్ట్ క్యాప్ రివాల్వర్లలో చెక్కపిడి వెనక గాడిలో సిరాతో రాసిన నంబరు కనిపిస్తుంది. ఆ అంకెలుంటే పిడీ తుపాకీ పుట్టుక నుంచీ జంటేనని రుజువు. అందుకే పలక లోపలి వైపు నేనెన్నడూ శుభ్రం చేయను. అక్కడి దుమ్ము అక్కడే ఉంటుంది. ఒక్కసారి తడిగుడ్డ తగిలితే పెన్సిలు రాత పోతుంది, మళ్లీ రాదు.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. అమెరికా ఫెడరల్ చట్టంలో 1898లో గానీ అంతకు ముందు గానీ తయారైన తుపాకీ పురాతనం కింద లెక్క. రాష్ట్రాలకు వాటి నియమాలు వేరే ఉంటాయి. ఇండియాలో తాతగారి పెట్టెలో ఇలాంటిది బయటపడితే శుభ్రం చేసే ఆలోచన పక్కన పెట్టి, 1959 ఆయుధాల చట్టం ప్రకారం దాని పరిస్థితేమిటో లైసెన్సులిచ్చే అధికారుల దగ్గర ముందు తేల్చుకోండి.

ఖాళీ అని తేలాకే మిగతా పని

ఇందులో మినహాయింపు లేదు. క్యాప్ రివాల్వర్లలో, అంటే వెనకనుంచి తూటా పెట్టే రకం కాకుండా మందూ గుండూ ముందునుంచి దట్టించేవాటిలో, నూటయాభై ఏళ్ల కిందటి మందు ఇంకా లోపలే ఉన్న సందర్భాలున్నాయి. ఆ మందు ఇప్పటికీ అంటుకుంటుంది. ఒంటిగొట్టం పిస్తోలైతే సన్నటి చెక్కపుల్ల గొట్టంలోకి జారవిడిచి, ఎంతవరకు దిగిందో గుర్తు పెట్టుకుని, బయట గొట్టం పక్కన పెట్టి కొలుస్తాను. పుల్ల అడుగుదాకా దిగకపోతే లోపల ఏదో ఉన్నట్టే. క్యాప్ రివాల్వరైతే సిలిండరులోని ఒక్కో గదినీ ముందువైపు నుంచి దీపం పెట్టి చూస్తాను. అనుమానం వస్తే దాన్ని ఇంట్లో ఎవరూ కదపకూడదు. నల్ల తుపాకిమందు వాడే పాత తుపాకీలు తెలిసిన గన్‌స్మిత్‌కి ఫోను చేసి, ఆయన చెప్పినట్టు చేయాలి. స్మిత్ అండ్ వెసన్ లాంటి మడిచి తెరిచే రివాల్వర్లలో పని సులువు. గొళ్లెం ఎత్తి గొట్టం వంచితే గదులన్నీ కనపడతాయి.

చేతులకు నైట్రైల్ తొడుగులు వేసుకోండి. పాత తుపాకీల మీద సీసం పొడి ఉంటుంది, మన చేతుల చెమట ఇనుముకీ దంతానికీ పడదు. మామూలు రబ్బరు తొడుగులు వద్దు. వాటిలోని గంధకం వెండినీ దంతాన్నీ మరక చేస్తుంది.

తరవాత ఫొటోలు. రెండు పలకలూ, అడుగుభాగం, అతుకులు, మరల (స్క్రూల) తలలు, ఏటవాలు వెలుతురులో. అది అయ్యేదాకా నేను బ్రష్షు ముట్టుకోను. తుపాకీ విలువైనదైతే ఇంకో పని కూడా ముందే చేస్తాను. కోల్ట్‌కీ, స్మిత్ అండ్ వెసన్‌కీ పాత పద్దుల ఆధారంగా ఉత్తరాలు ఇచ్చే ఏర్పాటుంది. ఆ తుపాకీ ఎప్పుడు కంపెనీ దాటిందో చెబుతాయి, పద్దులో రాసి ఉంటే ఏ రకం పిడితో వెళ్లిందో కూడా. ముత్యపుచిప్ప పిడితో వెళ్లిందని ఉత్తరంలో ఉండి, చేతిలో ఉన్నది రబ్బరు పిడి అయితే, మీరు శుభ్రం చేయబోయేది తరవాత బిగించిన పిడి. అది తెలిస్తే ఎంత శ్రమపడాలో తెలుస్తుంది.

పలక విప్పడం

ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. ఇంట్లో ఉండే స్క్రూడ్రైవర్ మొన ఉలిలా పలచబడుతూ వస్తుంది. అది మర గాడిలో పైన మాత్రమే ఆనుతుంది. తిప్పగానే జారి గాడి అంచులు చీలుస్తుంది, పక్కనున్న పలక మీద గీత పెడుతుంది. తుపాకీల పనికి సమాంతరంగా సానపట్టిన మొనలు అమ్ముతారు. గాడి పొడవుకీ వెడల్పుకీ సరిపోయే మొన తీసుకుని, ముందు వెదురుపుల్లతో గాడిలోని మురికి తవ్వి, మొన అడుగుదాకా కూర్చున్నాకే తిప్పండి.

మర పూర్తిగా ఊడదీసి, గోరో కత్తో దూర్చి పలకను పైకి లేపే అలవాటు చాలామందికి ఉంది. ఎబొనైట్ అయితే అంచు పెచ్చు ఊడుతుంది. ముత్యపుచిప్పయితే నిలువునా పగులుతుంది. నేను చేసేదేమిటంటే, మరను రెండు మూడు చుట్లు మాత్రమే వదులు చేస్తాను. దాని తల మీద స్క్రూడ్రైవర్ చెక్కపిడితో మెల్లగా, తలుపు తట్టినంత నెమ్మదిగా తడతాను. అవతలి పలక దానంతటదే లేస్తుంది. అది తీసి పక్కన పెట్టి, లోపలనుంచి వేలితో నెడితే ఇవతలిదీ వస్తుంది. అడుగున చిన్న మేకు ఉంటుంది, పలక దాని మీద కూర్చుంటుంది కాబట్టి మెలితిప్పకూడదు.

మర కదలకపోతే నూనె పోయకండి. చెక్క ఆ నూనె తాగి నల్లబడుతుంది. కదలని పలకను కదపకుండానే, తుపాకీ మీదే ఉంచి శుభ్రం చేయొచ్చు. 1873 నాటి కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ లాంటివాటిలో మొదట్లో ఒకే చెక్కతో చేసిన పిడి ఉండేది. అది తీయాలంటే వెనక పట్టీ విప్పాలి. పిడి తుడవడం కోసం అంత పని నేను చేయను.

ముక్కుతో, కన్నుతో గుర్తుపట్టడం

వేడి సూది గుచ్చి చూడమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. దయచేసి చేయకండి. దాని మచ్చ శాశ్వతం. పలక సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్ అయితే భగ్గుమంటుంది కూడా. దానికి బదులు పలక లోపలి వైపు, రాత లేని చోట, బొటనవేలితో పది సెకన్లు గట్టిగా రుద్ది వాసన చూడండి. ఈ ఒక్కసారికి తొడుగు తీయొచ్చు. గంధకం వాసన వస్తే ఎబొనైట్. పూజగది గుర్తొచ్చేలా కర్పూరం వాసన వస్తే సెల్యులాయిడ్, ఎందుకంటే దాన్ని మెత్తబరచడానికి కర్పూరమే కలిపేవారు.

తెల్లటి పలకలకి పదిరెట్లు పెద్దదిగా చూపే కంసాలి భూతద్దం కావాలి. ఏనుగు దంతమైతే పిడి అడుగు అంచున, అంటే అడ్డంగా కోసిన ముఖాన, ఒకదాన్నొకటి ఖండించే వంపు గీతలు సన్నటి వలలా కనపడతాయి. ఎముకకైతే చిన్నచిన్న నల్లటి గుంటలు, గీతలు. దంతాన్ని అనుకరించిన సెల్యులాయిడ్‌లో గీతలు రూళ్లకర్రతో గీసినట్టు మరీ క్రమంగా ఉంటాయి, అడుగున వల ఉండదు. ముత్యపుచిప్ప మీద పెద్దగా అనుమానం రాదు. పెదవికి తాకిస్తే చల్లగా ఉంటుంది, తిప్పితే లోతులోంచి రంగులు కదులుతాయి.

ఇంకో మాట. ప్రదర్శనల్లో నల్ల పలకలన్నిటినీ గటాపర్చా, అంటే ఒక చెట్టు పాలతో చేసే పదార్థం, అంటారు. కోల్ట్, స్మిత్ అండ్ వెసన్, వెబ్లీ లాంటి కంపెనీల నల్ల పలకలు గట్టి రబ్బరే, అంటే ఎబొనైటే. బేకలైట్ అనే ప్లాస్టిక్ 1907 తరవాతిది, కాబట్టి 1898కి ముందు తుపాకీ మీద బేకలైట్ పిడి కనపడితే అది తరవాత వచ్చి చేరినదే.

ఎబొనైట్: నీళ్లు వద్దు

రబ్బరులో గంధకం బాగా ఎక్కువ పాళ్లలో కలిపి, చాలాసేపు ఉడికిస్తే అది కొమ్ములా గట్టిపడుతుంది. నెల్సన్ గుడ్‌ఇయర్ 1851లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. అచ్చులో పోసి నగిషీలు తేలిగ్గా తీయొచ్చు, ధర తక్కువ. కోల్ట్ గద్దబొమ్మ పలకలూ, స్మిత్ అండ్ వెసన్ పెనవేసిన అక్షరాల పలకలూ అలా పుట్టినవే.

వెలుతురు తగిలినకొద్దీ పైపొరలోని గంధకం గాలితో కలిసి, చెమ్మ చేరినప్పుడు గంధకామ్లం అవుతుంది. పలక పైకి నల్లగానే కనపడుతుంది, కానీ ఆ పొర అప్పటికే చచ్చి ఉంటుంది. నీళ్లు తగలగానే పైనున్నది కరిగి కొట్టుకుపోతుంది, కిందనుంచి గోధుమరంగు బయటపడుతుంది. వేడినీళ్లయితే మరీ తొందరగా. నా పలకకి జరిగింది అదే. తన పెన్నుకి జరగకుండా మా నాన్నగారు కాపాడినదీ దాన్నుంచే.

కాబట్టి ఎబొనైట్‌కి పొడి పద్ధతులే. మెత్తటి సహజ కుచ్చు ఉన్న బ్రష్షు, నేను చిత్రకారుల దుకాణంలో మేకవెంట్రుకల బ్రష్షు కొన్నాను, దానితో గళ్లు ఎటు పారుతున్నాయో అటే నడపాలి. గళ్లకి అడ్డంగా రుద్దితే మొనలు అరుగుతాయి. అక్షరాల మూలల్లో గట్టిపడ్డ మురికిని మొన చెక్కిన వెదురుపుల్లతో, భూతద్దం కింద, ఒక్కో గడినీ తీస్తాను. అరచెయ్యంత పలకకి నాకు రెండు సాయంత్రాలు పడుతుంది. వెదురు మెత్తనిది కాబట్టి ఎబొనైట్‌ని గీకదు, మొన అరగగానే మళ్లీ చెక్కుకుంటాను. మా అబ్బాయి చిన్నప్పుడు పక్కన కూర్చుని పుల్లలు చెక్కిపెట్టేవాడు. చివర పొడి మైక్రోఫైబర్ గుడ్డతో ఒత్తకుండా రెండుసార్లు తుడుస్తాను. అంతే. మైనం కూడా పెట్టను.

గోధుమరంగుకి మారిన పలకను మళ్లీ నల్లబరచడానికి చిట్కాలు బోలెడు చెబుతారు. నల్ల షూ పాలిష్, ఇంజను నూనెలు, బ్లీచు. నా ఎడమ పలక మీద వీటిలో ఏదీ ప్రయోగించలేదు. రంగేసిన పలకను అసలు పలకగా అమ్మితే మోసం. రంగేశానని చెప్పి అమ్మితే ధర గోధుమ పలక కంటే తక్కువ పలుకుతుంది. ఎర్రమచ్చల ఎబొనైట్ పలకలు అరుదు, వాటిని చూసి రంగు చెదిరిందని పొరపడి నల్లగా పూసినవాళ్లు కూడా ఉన్నారు. అలా పూసిన పలక ఒకటి చూసినప్పుడు నాకు కడుపులో దేవినట్టయింది.

అక్రోటు చెక్క

ఇక్కడ కాస్త చొరవ చేయొచ్చు, కానీ ముందు ముద్రలు వెతకండి. అమెరికా సైన్యం కొన్న సింగిల్ యాక్షన్ కోల్ట్‌ల చెక్కపిడి మీద తనిఖీదారు పేరు పొడి అక్షరాలు ఒక చట్రంలో కొట్టి ఉంటాయి. ఆర్విల్ డబ్ల్యూ. ఐన్స్‌వర్త్ అక్షరాలున్నవాటికి మరీ గిరాకీ, ఆయన తనిఖీ చేసిన తొలి తుపాకీలు కస్టర్ అనే ప్రసిద్ధ సైన్యాధికారి నాయకత్వంలోని 7వ అశ్వికదళానికి చేరాయి కాబట్టి. ఒక ఏప్రిల్ ప్రదర్శనలో ఒక పెద్దాయన అలాంటి పిస్తోలే బల్ల మీద పెట్టారు. చెక్క అద్దంలా మెరుస్తోంది. ఆయన తండ్రిగారు కొడుక్కి ఇచ్చేముందు గరుకు కాగితంతో నునుపు చేసి, అవిసెనూనె పట్టించారట. చట్రం అంచు నీడలా మిగిలింది, అక్షరాలు లేవు. చూసినవాళ్లందరూ ఒక్క మాట మాట్లాడకుండా దాన్ని కింద పెట్టి వెళ్లిపోతున్నారు. ప్రేమతో చేసిన పని అది. ఆ కొడుకు ముఖం చూడలేకపోయాను.

చెక్కమీద మురికి అంటే చాలావరకు చేతుల జిడ్డు, పాత తుపాకీ నూనె, దుమ్ము కలిసిన పొర. మొదట పొడి బ్రష్షు. తరవాత వాసన లేని మినరల్ స్పిరిట్స్, అంటే పెయింటు పలచన చేసేందుకు వాడే శుద్ధి చేసిన ద్రావకం. కిటికీలు తెరిచి, పొయ్యి దగ్గరలో లేకుండా చూసుకుని, చిన్న గిన్నెలో రెండు చెంచాలు పోసుకుంటాను. దూదిపుల్ల అందులో ముంచి, కాగితం మీద ఒత్తి, తడి మిగలకుండా చెమ్మ మాత్రమే ఉండేలా చేస్తాను. ముందు పిడి అడుగున, కనపడని మూల, వేలిగోరంత చోట పరీక్షిస్తాను. పుల్లను రుద్దకూడదు, దొర్లించాలి. రుద్దితే మురికిలోని ఇసుక పాలిష్‌ని గీకుతుంది. దొర్లిస్తే దూది మురికిని ఎత్తుకుంటుంది.

పని ఎక్కడ ఆపాలో దూదే చెబుతుంది. బూడిదరంగు, నలుపు వస్తున్నంతసేపూ అది మురికి. తేనెరంగో ఎరుపో కనపడిన క్షణాన ఆపేయాలి, అది అసలు పూత. సైన్యం పిడులకు నూనె పట్టించేవారు, బయట అమ్మినవాటికి వార్నిష్ వేసేవారు. రెండూ నూరేళ్లు దాటినవే, ఒక్కసారి పోతే వాటి చోట ఏది పెట్టినా కొత్తదే అవుతుంది. స్పిరిటు, అంటే ఆల్కహాలు, ఎన్నడూ వాడొద్దు. లక్క పూత ఉంటే కరిగి చేతికొస్తుంది. నీళ్లు లక్క మీద తెల్లటి మబ్బులా మచ్చ పెడతాయి.

బొటనవేలు ఆనే చోట, అరచేయి మడత పడే చోట చెక్క మిగతా భాగం కంటే నల్లగా, నున్నగా ఉంటుంది. దాన్ని నేనలాగే వదిలేస్తాను. ఆ నలుపు ఎవరో మనిషి ఏళ్లపాటు పట్టుకున్న గుర్తు. పక్కభాగంతో సమానంగా చేయాలని చెయ్యి లాగుతుంది, నాకూ లాగుతుంది. అలా అనిపించినప్పుడు లేచి టీ పెట్టుకుంటాను.

ఒకరోజు ఆరాక, గళ్లు లేని నున్నటి చెక్కకి రినైసెన్స్ వ్యాక్స్ పలచగా పట్టిస్తాను. 1950ల్లో బ్రిటిష్ మ్యూజియం పరిశోధనశాలలో తయారైన సూత్రం అది. శనగగింజంత చాలు రెండు పలకలకి. గళ్లలోకి పోనివ్వకూడదు, ఎండాక తెల్లగా పేరుకుపోతుంది. అవిసెనూనె మాత్రం వద్దే వద్దు. అది చెక్కలో గడ్డకట్టి, నల్లబడి, దుమ్ముని పట్టి ఉంచుతుంది, తరవాత తీయడం ఎవరివల్లా కాదు.

పలకలో ఇత్తడి బిళ్లో మేకో ఉంటే చుట్టూ ఆకుపచ్చ మైనంలాంటిది పేరుకుంటుంది. జిడ్డు రాగితో కలిసి అలా అవుతుంది. వెదురుపుల్లతో మెత్తగా ఎత్తితే ఊడుతుంది. ఇత్తడిని తళతళలాడించకండి. ఇత్తడి పాలిష్‌లలోని అమోనియా చెక్కలోకి పాకుతుంది, కొత్తగా మెరిసే బిళ్ల పాత చెక్క పక్కన దొంగలా కనపడుతుంది.

దంతం, ముత్యపుచిప్ప, సెల్యులాయిడ్

దంతం గాలిలో చెమ్మను పీల్చుకుని ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది, అదీ అన్ని వైపులా ఒకేలా కాదు. అందుకే నెరియలు. నానబెట్టకూడదు, వేడి తగలనివ్వకూడదు. పొడి బ్రష్షు తరవాత, డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి బాగా పిండిన దూదిపుల్లను చిన్న గడి మేర దొర్లించి, వెంటనే పొడి దూదితో అద్దుతాను. మ్యూజియం నిపుణులు ఉమ్మి కూడా వాడతారు. నోట్లోని ఎంజైములు చేతి జిడ్డుని నీళ్లకంటే బాగా వదిలిస్తాయి. మాటకి నవ్వొస్తుందేమో గానీ, నమ్మకమైన పద్ధతి. తరవాత అదే చోట నీటిచెమ్మతో ఒకసారి తుడవాలి. నెరియలున్న చోట, రంగు నింపిన గీతలున్న చోట చెమ్మ వద్దు. పసుపు రంగుని తెలుపు చేయాలని హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసినవాడు దాని వయసంతా కడిగేసినట్టే. దంతపు పిడి అమ్మాలన్నా, పంపాలన్నా చట్టం చూసుకోవాలి. 2016 నుంచి అమెరికాలో ఆఫ్రికా ఏనుగు దంతం వ్యాపారం మీద ఫెడరల్ ఆంక్షలు బిగిశాయి, నూరేళ్లు దాటిన వస్తువులకు రుజువులతో మినహాయింపు ఉంది. న్యూయార్క్, న్యూజెర్సీ, కాలిఫోర్నియా సొంత నిషేధాలు పెట్టుకున్నాయి. ఇండియాలో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద దంతం వ్యాపారం నిషిద్ధం. వయసు చెప్పే పాత రసీదులు ఉంటే పారేయకండి.

ముత్యపుచిప్ప అంటే సున్నం జాతి. పులుపు తగిలితే కరుగుతుంది. మనవాళ్లు ఇత్తడి చెంబుకి చింతపండు, రాగికి నిమ్మచెక్క అలవాటైన చేత్తో దీన్నీ తోమితే మెరుపు చచ్చి సుద్దముక్కలా అవుతుంది. పట్టుచీరలకీ నగలకీ మంచిదని కుంకుడు రసం వాడొచ్చా అని మా చెల్లెలు అడిగింది. వద్దమ్మా, అదీ పులుపు వైపే ఉంటుంది. పళ్లపొడి, విభూతి, టూత్‌పేస్టు గీతలు పెడతాయి. డిస్టిల్డ్ వాటర్ చెమ్మ, అవసరమైతే అందులో ఆమ్లమూ క్షారమూ కాని సబ్బు ఒక్క బొట్టు, వెంటనే మరో నీటిచెమ్మ, వెంటనే పొడి గుడ్డ. ఇంతకు మించి అక్కర్లేదు. ఓక్ చెక్క పెట్టెలో దాచకండి. ఆ చెక్కనుంచి వచ్చే వెనిగర్ లాంటి ఆవిరి చిప్పని తెల్లటి పొడిగా పూయిస్తుంది.

సెల్యులాయిడ్‌ని పొడిగుడ్డతో తుడిచి వదిలేయండి. ఆల్కహాలు, అసిటోన్ దాన్ని కరిగిస్తాయి. ఘాటు వాసన, పగుళ్ల వల, జిగురు, పలక కింద ఇనుముకి కొత్త తుప్పు, వీటిలో ఏది కనపడినా పలక కుళ్లుతోందన్నమాట. అది నైట్రిక్ ఆమ్లం వదులుతుంది. పలకలు విప్పి, తుపాకీకి దూరంగా, గాలాడే చోట, నిప్పుకి అందకుండా కాగితంలో చుట్టి ఉంచండి. జింకకొమ్ము పిడికి పొడి బ్రష్షు చాలు.

తిరిగి బిగించడం

పలకను మేకు మీద కూర్చోబెట్టి, మరని మొదట వెనక్కి తిప్పండి. చిన్న టక్కుమన్న చప్పుడుతో మరచుట్టు దాని పాత దారిలో పడుతుంది. అప్పుడు ముందుకు తిప్పండి. స్క్రూడ్రైవర్‌ని రెండు వేళ్లతో మాత్రమే పట్టుకోండి, బిగువు తగలగానే ఆపండి. ముత్యపుచిప్పకీ ఎబొనైట్‌కీ ఇంకో పావుచుట్టు చాలు మర చుట్టూ పగులు రావడానికి.

దాచే చోట గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య నిలకడగా ఉంటే చెక్కకీ దంతానికీ హాయి. ఎబొనైట్‌కి చీకటి కావాలి. తోలు ఒరలో నెలల తరబడి ఉంచొద్దు, తోలు చెమ్మ పట్టి ఉంచుతుంది.

ప్రతి తుపాకీ పెట్టెలో నేనొక అట్టముక్క పెడతాను. ఏ తేదీన, ఏ పలకమీద, దేనితో, ఎక్కడిదాకా పని చేశానో అందులో రాస్తాను. నా తరవాత దాన్ని చేతిలోకి తీసుకునేవాళ్లకి, తాము చూస్తున్న రంగులో ఎంత కాలానిదో ఎంత నాదో తెలియాలి కదా. .38 పెట్టెలోని అట్ట మీద మొదటి వరుస, రత్నం పెన్నుతో రాసింది: "ఎడమ పలక. 2009. గోరువెచ్చటి సబ్బునీళ్లు, సుమారు ఐదు నిమిషాలు. రంగు పోయింది. కుడి పలక కడగలేదు."